గోదాము నుంచి సీఈఓ కుర్చీ దాకా: కంపెనీ లోపలే ఎదిగిన నాయకులకు ఏం తెలుస్తుంది, ఏం తెలియకుండా పోతుంది?

2025 నవంబరులో వాల్‌మార్ట్ తన తర్వాతి సీఈఓ పేరు ప్రకటించింది. దిగిపోతున్న డగ్ మెక్‌మిలన్ 1984లో వేసవి సెలవుల్లో ఆ కంపెనీ గోదాములో లారీల నుంచి సరుకు దించే పనికి చేరినవారు. ఆయన తర్వాత ఆ పదవికి ఎంపికైన జాన్ ఫర్నర్ 1993లో గంటల లెక్కన జీతానికి ఒక స్టోర్‌లో చేరారు. జనరల్ మోటార్స్ సీఈఓ మేరీ బారా 18 ఏళ్ల వయసులో, 1980లో, చదువుకుంటూనే అదే కంపెనీ ఫ్యాక్టరీలో కారు భాగాలను తనిఖీ చేసేవారు. టీసీఎస్‌లో 1987లో ఇంటర్న్‌గా అడుగుపెట్టిన ఎన్. చంద్రశేఖరన్ 2009లో ఆ కంపెనీ సీఈఓ, 2017లో టాటా సన్స్ చైర్మన్ అయ్యారు.

ఇలాంటి కథలు చదివితే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. వాటి వెనకే ఒక మాట కూడా వస్తుంది: కింది నుంచి వచ్చినవాళ్లకే కంపెనీ నాడి తెలుస్తుంది కాబట్టి వాళ్లే మంచి నాయకులవుతారని. ఇది సగం నిజం. మిగతా సగం చూడకపోతే, 1985లో ఇంటర్న్‌గా చేరి బోయింగ్ సీఈఓ స్థాయికి ఎదిగిన డెనిస్ మ్యూలెన్‌బర్గ్‌ను 737 మ్యాక్స్ విమాన ప్రమాదాల తర్వాత 2019 డిసెంబరులో ఎందుకు తప్పించాల్సి వచ్చిందో అర్థం కాదు. ఆ రెండు ప్రమాదాల్లో 346 మంది చనిపోయారు. ముప్పై ఏళ్లకు పైగా కంపెనీలోనే ఉన్న ఇంజనీరు పైన ఉన్నా అది జరిగింది.

కింది నుంచి రావడం ఒక రకమైన తెలివిని ఇస్తుంది, అదే దారి కొన్నిటిని కనిపించకుండా కూడా చేస్తుంది. వీటిలో ఏది పైచేయి అవుతుందో తేల్చేది ఎంత కింద మొదలుపెట్టారన్నది కాదని, మధ్యలో ఎక్కడెక్కడ తిరిగారన్నదేనని నా అభిప్రాయం. ఎందుకలా అనుకుంటున్నానో మొదటి నుంచి చూద్దాం.

## ‘లోపలి మనిషి’ అంటే ఎవరు?

సీఈఓ ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు అభ్యర్థులను లోపలివాళ్లు, బయటివాళ్లు అని రెండుగా విడదీస్తారు. అప్పటికే కంపెనీలో పనిచేస్తున్నవాళ్లు లోపలివాళ్లు, వేరే కంపెనీ నుంచి వచ్చేవాళ్లు బయటివాళ్లు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ గీత అంత స్పష్టంగా ఉండదు.

మేరీ బారా, మెక్‌మిలన్ లాంటివాళ్ల ఉద్యోగ జీవితమే ఆ కంపెనీలో మొదలైంది. టిమ్ కుక్ అలా కాదు. ఆయన 1998లో కాంపాక్ అనే కంప్యూటర్ల కంపెనీ నుంచి ఆపిల్‌కు వచ్చారు, 2011లో సీఈఓ అయ్యారు. లెక్క ప్రకారం లోపలి మనిషే అయినా, వేరే చోట్ల పని ఎలా జరుగుతుందో చూసి వచ్చినవారు. పార్సిళ్లు చేరవేసే అమెరికా కంపెనీ యూపీఎస్‌లో 2020 దాకా సీఈఓలందరూ సొంత ఉద్యోగులే. 2014 నుంచి ఆ పదవిలో ఉన్న డేవిడ్ ఆబ్నీ పార్సిళ్లు ట్రక్కుల్లోకి ఎక్కించే పనితో మొదలుపెట్టారు. ఆయన తర్వాత వచ్చిన కెరోల్ టోమే ఎప్పుడూ అక్కడ ఉద్యోగి కారు, కానీ 2003 నుంచి బోర్డులో సభ్యురాలు. ఆమెను ఏ వైపు లెక్కెయ్యాలి? ఇక వెళ్లిపోయి తిరిగొచ్చినవాళ్లున్నారు. 1988లో ఇంటర్న్‌గా చేరిన ఎలియట్ హిల్ 2020లో నైకీ నుంచి రిటైరయ్యారు. 2024లో కంపెనీ ఆయన్ను సీఈఓగా వెనక్కి పిలిచింది.

కాబట్టి ఎవరైనా ‘లోపలివాళ్లు మేలు’ అని తేల్చేస్తే, ఏ రకం లోపలివాళ్లు అన్నది ముందు అడగాలి.

## ఏళ్ల తరబడి ఉంటే వచ్చే ఆ తెలివి ఏమిటి

ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960లలో నైపుణ్యాలను రెండుగా విడదీసి చూపించారు. ఒకటి ఎక్కడైనా పనికొచ్చేది: లెక్కలు చూడటం, కోడ్ రాయడం, బేరం ఆడటం. రెండోది ఆ ఒక్క సంస్థలోనే పనికొచ్చేది: ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగుతుంది, ఏ కస్టమర్ అలిగితే ఎవరు వెళ్లి మాట్లాడాలి, కాగితం మీద ఉన్న రూల్ పక్కన నిజంగా నడిచే పద్ధతి ఏది. ఈ రెండోది ఏ కాలేజీలోనూ దొరకదు, అక్కడే ఏళ్లు గడిపితే వస్తుంది. కంపెనీ మారిన రోజునే దాని విలువ పోతుంది.

‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్న సామెత ఆఫీసుల్లోనూ నడుస్తుంటుంది. ఈ విషయం మీద వార్టన్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మాథ్యూ బిడ్వెల్ 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పెద్ద ఆర్థిక సంస్థ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ విభాగంలో 2003 నుంచి 2009 దాకా రికార్డులు పరిశీలించారు. ఒకే రకం ఉద్యోగానికి బయటి నుంచి వచ్చినవాళ్లకు, లోపలి నుంచి ప్రమోషన్ పొందినవాళ్ల కంటే సుమారు 18 శాతం ఎక్కువ జీతం ఇచ్చారు. అయినా మొదటి రెండేళ్లూ పనితీరు మార్కులు వాళ్లకే తక్కువ వచ్చాయి. చదువు, అనుభవం మాత్రం కాగితం మీద బయటివాళ్లకే ఎక్కువ. అంటే కనపడే అర్హతలకు కంపెనీ డబ్బు చెల్లించింది, కనపడని అర్హతను తక్కువగా అంచనా వేసింది. ఒకే సంస్థ మీద చేసిన పరిశీలన కాబట్టి దీన్ని అన్నిటికీ వర్తింపజేయలేం కానీ, జరిగేది ఎలా జరుగుతుందో ఇందులో బాగా కనిపిస్తుంది.

జిరాక్స్ కథలో ఇదే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 1999లో ఆ కంపెనీ సీఈఓ అయిన రిక్ థోమన్ ఐబీఎం నుంచి వచ్చినవారు. అప్పటిదాకా సేల్స్ సిబ్బందికి ప్రాంతాలవారీగా కస్టమర్లు ఉండేవాళ్లు. వాళ్లను పరిశ్రమలవారీగా విడదీస్తే, బ్యాంకులకు అమ్మేవాళ్లు బ్యాంకుల వ్యవహారంలోనే ఆరితేరుతారన్నది ఆయన ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ అదే సమయంలో బిల్లింగ్ కేంద్రాలను కూడా కుదించారు. ఏళ్ల పరిచయం ఉన్న కస్టమర్లు ఒక్కసారిగా చేతులు మారారు. బిల్లులు తప్పులతో వెళ్లసాగాయి. కొత్త మెషిన్లు అమ్మాల్సిన సేల్స్‌మెన్ పాత బిల్లులు సరిచేయడంలో మునిగిపోయారు. పదమూడు నెలలు తిరిగేసరికి ఆయన్ను పంపేశారు.

తర్వాత పగ్గాలు ఆన్ మల్కాహీకి వచ్చాయి. ఆమె 1976లో సేల్స్ ఉద్యోగిగా చేరారు, కొన్నాళ్లు హెచ్‌ఆర్ విభాగాన్నీ నడిపారు. ఫైనాన్స్ ఆమెకు కొత్త. కంపెనీ మీదేమో సుమారు 1,700 కోట్ల డాలర్ల అప్పు. ఆమె తన సొంత ఫైనాన్స్ విభాగంలోని ఉద్యోగి దగ్గరే కూర్చుని బ్యాలెన్స్ షీటు చదవడం నేర్చుకున్నారు. దివాలా ప్రకటించమని సలహాదారులు చెప్పినా ఒప్పుకోలేదు. ఖర్చులు కోసినా పరిశోధన జోలికి పెద్దగా పోలేదు. తెలియని సంగతి కింది ఉద్యోగిని అడగగలగడం, ఆ ఉద్యోగి కూడా మొహమాటం లేకుండా చెప్పగలగడం, ఈ రెండూ ఏళ్ల పరిచయం ఉన్నచోటే తేలిగ్గా జరుగుతాయి.

అయితే మరో సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 1997 నుంచి 2000 దాకా లెక్కల్లో ఆదాయాన్ని ముందే చూపించినందుకు జిరాక్స్ 2002లో అమెరికా నియంత్రణ సంస్థకు కోటి డాలర్ల జరిమానా కట్టింది. ఆ కాలంలో ఎక్కువ భాగం పైనున్నది పాత లోపలి మనుషులే.

## బాగా అమ్మేవాళ్లు బాగా నడిపిస్తారా?

నిచ్చెన ప్రతి మెట్టు దగ్గరా ఒక పరీక్ష ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ పరీక్ష పెట్టేది ఇప్పుడు చేస్తున్న పనిలో, ఇవ్వబోయేదేమో వేరే పని. 1969లో లారెన్స్ పీటర్ ఈ సంగతినే సూత్రంగా చెప్పారు: ఒక ఉద్యోగి తనకు చేతకాని మెట్టు వచ్చేదాకా ఎక్కుతూనే ఉంటాడు, అక్కడ ఆగిపోతాడు.

ఒక ఊహాత్మక లెక్క వేసి చూద్దాం. పది మంది సేల్స్ టీమ్. అందులో ‘ఎ’ నెలకు 180 అమ్ముతుంది, ‘బి’ 110, మిగతా ఎనిమిది మంది తలా 100. ఒకరిని మేనేజర్ చేయాలి. ‘ఎ’కి ప్రమోషన్ ఇస్తే అమ్మడానికి మిగిలేది ‘బి’, మరో ఎనిమిది మంది, మొత్తం 910. ‘ఎ’ సొంతంగా అమ్మడంలో దిట్టే గానీ, ఇతరులకు నేర్పే ఓపిక తక్కువ. వాళ్ల అమ్మకాలను 2 శాతమే పెంచగలిగిందనుకుందాం. అప్పుడు సుమారు 928. ఇప్పుడు ‘బి’కి ప్రమోషన్ ఇస్తే మిగిలేది 980. నేర్పే గుణం ఉన్న ‘బి’ దాన్ని 10 శాతం పెంచితే 1,078. ఒక్క నిర్ణయంతో నెలకు 150 తేడా.

ఇది ఊహ మాత్రమే కాదని 2019లో అలాన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ ప్రచురించిన అధ్యయనం చూపించింది. అమెరికా కంపెనీల సేల్స్ సిబ్బంది వివరాలు చూస్తే, బాగా అమ్మేవాళ్లకే మేనేజర్ పదవి దక్కే అవకాశం ఎక్కువగా ఉంది. మేనేజర్లయ్యాక వాళ్ల టీమ్‌ల పనితీరు మాత్రం మిగతావాళ్ల టీమ్‌ల కంటే వెనకబడింది.

మరి కంపెనీలకు ఇది తెలియదా? తెలిసినా అలాగే చేయడానికి ఒక కారణం ఉంది. అందరికంటే బాగా పనిచేసినవాళ్లను పక్కనపెట్టి, ఓపిక ఎక్కువని ఇంకొకరికి ప్రమోషన్ ఇస్తే, రేపటి నుంచి కష్టపడి అమ్మేది ఎవరు? ప్రమోషన్ ఒక ఎంపిక మాత్రమే కాదు, అది బహుమతి కూడా. ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

ఈ లెక్కకు ఇంకో కోణముంది. ప్రతి మెట్టు దగ్గరా ఐదుగురిలో ఒక్కరే పైకి వెళ్తారనుకుంటే, ఆరు మెట్లు దాటి ఒక్కరు మిగలాలంటే కింద 15,625 మంది మొదలుపెట్టాలి. పత్రికల్లో మనం చదివేది ఆ ఒక్కరి కథ. అంతే కష్టపడి, మూడో మెట్టు దగ్గర మంచి బాస్ దొరక్క ఆగిపోయినవాళ్ల కథ ఎవరూ రాయరు. గెలిచినవాళ్ల అలవాట్లను మాత్రమే చూసి పాఠాలు తీస్తే అదృష్టం ఎంతో, ప్రతిభ ఎంతో విడదీయలేం.

## జనరల్ మోటార్స్: ముప్పై మూడేళ్లున్నా కనపడనిది

మేరీ బారా 2014 జనవరిలో సీఈఓ అయ్యారు. కొద్ది వారాల్లోనే ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం బయటపడింది. షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ లాంటి కార్లలో తాళం పెట్టే స్విచ్ బిగువు చాలదు. నడుస్తుండగా తాళం చెవి కాస్త కదిలితే చాలు, ఇంజన్ ఆగిపోతుంది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవు. లోపం ఉందని కంపెనీలో కొందరికి పదేళ్లకు పైగా తెలుసు. మధ్యలో ఒక ఇంజనీరు స్విచ్‌ను మార్పించారు గానీ దాని పార్ట్ నంబర్ మార్చలేదు. దాంతో పాత స్విచ్ ఏదో, కొత్తది ఏదో తర్వాత దర్యాప్తు చేసినవాళ్లకు అంతుబట్టలేదు. చివరికి పరిహార నిధి 124 మరణాలను ఈ లోపం ఖాతాలో వేసింది.

కంపెనీయే నియమించిన న్యాయవాది ఆంటన్ వాలుకాస్ నివేదికలో స్విచ్ కంటే భయపెట్టే సంగతులున్నాయి. మీటింగ్‌లో అందరూ ఒక నిర్ణయానికి తలూపుతారు, బయటికొచ్చాక ఎవరూ అమలు చెయ్యరు. దాన్ని ‘జీఎం నాడ్’, అంటే జనరల్ మోటార్స్ తలూపుడు, అనేవాళ్లు. చేతులు కట్టుకుని వేళ్లు పక్కవాళ్ల వైపు చూపిస్తూ ‘అది నా పని కాదు’ అనడానికి ‘జీఎం సెల్యూట్’ అని పేరు. ఈ అలవాట్లకు పేర్లు పెట్టుకునేంతగా అవి అందరికీ మామూలైపోయాయి.

ఇక్కడే అసలైన వాదన ఉంది. మూడు దశాబ్దాలకు పైగా అక్కడే ఉన్న మనిషికి, అంతకుముందు ఉత్పత్తి అభివృద్ధి విభాగాన్నే నడిపిన మనిషికి ఇది తెలియకపోవడం ఎలా సాధ్యమని అమెరికా సెనేటర్లు ఆమెను నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పెద్ద సంస్థలో లోపలి మనిషికి తన దారిలో ఉన్న గదులే తెలుస్తాయి. పక్క గదిలో ఏం జరుగుతోందో బయటివాళ్లకు తెలియనంతగా ఆమెకూ తెలియకపోవచ్చు. పైగా ‘ఇక్కడ ఇంతే’ అన్న మాట చెవులకు అలవాటైపోతుంది.

ఎదుటి వాదనా గట్టిదే. ఆమె పదిహేను మందిని ఉద్యోగంలోంచి తొలగించారు, నివేదికను బయటపెట్టారు, లోపం కనిపిస్తే ఎవరైనా నేరుగా చెప్పే ఏర్పాటు చేశారు. తలూపడం అంటే ఏమిటో తెలిసిన మనిషికి, ఎవరు నిజంగా ఒప్పుకుంటున్నారో, ఎవరు ఊరికే ఊపుతున్నారో పట్టుకోవడం బయటివాళ్ల కంటే తేలిక.

దీనికి ముందు జరిగిన ఒక చిన్న సంఘటన ఆమెను బాగా పట్టిస్తుంది. 2009లో ఆమె హెచ్‌ఆర్ విభాగానికి అధిపతి. ఉద్యోగులు ఏం వేసుకోవాలో చెప్పే పది పేజీల నియమావళిని తీసేసి, సందర్భానికి తగ్గట్టు వేసుకోండి అని రెండు ఇంగ్లిష్ మాటల్లో తేల్చారు. ఒక సీనియర్ మేనేజర్‌కు అది నచ్చలేదు. మెయిల్ పెట్టారు. ఆమె ఫోన్ చేసి అసలు ఇబ్బందేమిటని అడిగారు. తన టీమ్‌లో కొందరు జీన్స్‌లో వస్తారని, ప్రభుత్వ అధికారులతో ఉన్నట్టుండి మీటింగ్ పడితే బాగుండదని ఆయన చెప్పారు. ‘మీ టీమ్‌తోనే మాట్లాడండి’ అన్నారామె. ఆ కొద్దిమంది ఒక ఫార్మల్ ప్యాంటు లాకర్లో పెట్టుకుంటే చాలని వాళ్లే తేల్చుకున్నారు. బట్టల గొడవ చిన్నదే. కానీ పెద్ద బాధ్యతలున్న మేనేజర్లు ఇంత చిన్న విషయానికి కూడా రూల్ పుస్తకం మీద ఆధారపడుతున్నారని ఆమెకు అక్కడ అర్థమైంది. స్విచ్ కథలోనూ అదే జబ్బు పెద్ద రూపంలో ఉంది.

జపాన్ కంపెనీ ఒలింపస్‌లో ఇంకా దారుణం జరిగింది. 1990ల నాటి పెట్టుబడి నష్టాలను పైవాళ్లు ఏళ్ల తరబడి దాచిపెట్టారు. ఆ రహస్యం ఒక తరం లోపలివాళ్ల నుంచి ఇంకో తరానికి చేరింది. 2011లో అధ్యక్షుడైన మైకేల్ వుడ్‌ఫర్డ్ అనుమానాస్పద చెల్లింపుల గురించి ప్రశ్నించగానే ఆయన్నే తొలగించారు. ఆయన ఆ గ్రూపులో ముప్పై ఏళ్లుగా పనిచేసినవారే, కానీ బ్రిటన్ అనుబంధ సంస్థలో. లోపలి మనిషే అయినా ఆ గదిలో పెరగలేదు.

## బయటివాళ్లతో పోల్చడంలో ఉన్న చిక్కు

అలాగని బయటివాళ్లే మేలా? ఇక్కడ పోలికే కష్టం. బాగా నడుస్తున్న కంపెనీ మామూలుగా లోపలివాళ్లకే పగ్గాలిస్తుంది. మునిగిపోతున్న కంపెనీ బయటికి చూస్తుంది. కాబట్టి బయటివాళ్ల ఫలితాలు బాగా లేకపోతే అది వాళ్ల తప్పో, కంపెనీ పరిస్థితో చెప్పలేం. బాగుంటే, అంత కిందికి పడ్డాక ఎవరున్నా లేచేదే అనడానికీ వీలుంది.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఆపిల్ స్టోర్లను విజయవంతం చేసిన రాన్ జాన్సన్ 2011 చివర్లో అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ జేసీ పెన్నీకి సీఈఓగా వెళ్లి, కూపన్లు, డిస్కౌంట్ సేల్స్ తీసేశారు. ఆ స్టోర్లకు వచ్చేవాళ్లు వచ్చేదే వాటి కోసం. 2012లో అమ్మకాలు 25 శాతం పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన్ను తప్పించి, అంతకుముందు సీఈఓనే మళ్లీ పిలిచారు.

ఫోర్డ్‌కు 2006లో బయటి నుంచి వచ్చిన ఆలన్ ములాలీ కథ వేరు. వారం వారం జరిగే సమీక్షలో ప్రతి విభాగాధిపతీ తన పని పరిస్థితిని పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపించాలి. మొదట్లో పటాలన్నీ పచ్చగానే వచ్చాయి. కంపెనీ ఆ ఏడాది 1,200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. ఇంత నష్టపోతుంటే అన్నీ బాగానే ఉన్నాయా అని ఆయన అడిగారు. కొన్నాళ్లకు ఆ విభాగాధిపతుల్లో ఒకరైన మార్క్ ఫీల్డ్స్ ఒక కొత్త కారు వెనక తలుపు సమస్యను ఎర్ర రంగులో చూపించారు. గదంతా టెన్షన్. ములాలీ చప్పట్లు కొట్టారు. నిజం చెప్తే ఉద్యోగం పోతుందన్న పాత భయం ఆయనకు లేదు, ఎందుకంటే ఆయన ఆ భయంలో పెరగలేదు. ఇంకో విశేషం, ఫోర్డ్‌కు బయటివారైన ఈయన అంతకుముందు బోయింగ్‌లో 37 ఏళ్లు మెట్టు మెట్టుగా ఎదిగినవారే.

## లోపలే ఉండి, బయటి చూపు ఉన్నవాళ్లు

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ జోసెఫ్ బోవర్ ఈ రెంటి మధ్య మూడో రకాన్ని గుర్తించారు. కంపెనీలోనే ఎదిగినా ప్రధాన కార్యాలయం ఆలోచనకు కాస్త దూరంగా ఉండిపోయినవాళ్లు. కొత్త వ్యాపారంలోనో, దూర దేశపు శాఖలోనో, ఎవరూ పట్టించుకోని విభాగంలోనో పనిచేసి ఉంటారు. కంపెనీ మారాల్సిన అవసరం వాళ్లకు ముందే కనిపిస్తుంది, ఎవరిని కదిలిస్తే మారుతుందో కూడా తెలుసు.

దీనికి మైక్రోసాఫ్ట్ మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ వరుసగా ఇద్దరు లోపలివాళ్లను పోల్చి చూడొచ్చు. ముందు సీఈఓగా ఉన్న స్టీవ్ బామర్ 1980లోనే అక్కడ చేరారు. విండోస్ ఎదుగుదలే ఆయన ఎదుగుదల. సత్య నాదెళ్ల 1992లో చేరారు, కానీ సీఈఓ కావడానికి ముందు ఏళ్లలో ఆయన పనిచేసింది గూగుల్ చేతిలో రోజూ ఓడుతున్న బింగ్ సెర్చ్‌లో, తర్వాత సర్వర్, క్లౌడ్ విభాగంలో. కంపెనీ రెండో స్థానంలో ఉంటే ఎలా ఉంటుందో ఆయనకు అనుభవమే. 2014 ఫిబ్రవరిలో పదవిలోకి వచ్చారు. మార్చిలో పోటీదారు ఆపిల్ ఐప్యాడ్‌కు తమ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. ఆ పని బామర్ హయాంలోనే మొదలైందన్నది మరవకూడదు. మరుసటి ఏడాది, బామర్ హయాంలో కుదిరిన నోకియా ఫోన్ల వ్యాపారం కొనుగోలుకు సంబంధించి 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసేశారు.

ఈ చూపు పుట్టుకతోనో, పోస్టింగ్‌తోనో రావాల్సిన పని లేదు, తెచ్చుకోవచ్చు కూడా. 1985లో ఇంటెల్ మెమరీ చిప్‌ల వ్యాపారం జపాన్ పోటీకి కుదేలవుతోంది. కంపెనీ పుట్టిందే ఆ చిప్‌లతో. ఇంటెల్ అధ్యక్షుడు ఆండీ గ్రోవ్ ఒక రోజు సీఈఓ గోర్డన్ మూర్‌ను అడిగారు: బోర్డు మనల్ని తీసేసి కొత్త సీఈఓను తెస్తే అతను ఏం చేస్తాడు? మెమరీ వ్యాపారం వదిలేస్తాడని మూర్ జవాబు. అయితే మనమే తలుపు దాటి బయటికెళ్లి, తిరిగొచ్చి ఆ పని ఎందుకు చెయ్యకూడదన్నారు గ్రోవ్. చేశారు కూడా.

మెక్‌మిలన్ దారి ఇంకొకటి. 2015లో కింది ఉద్యోగుల జీతాలు గంటకు 9 డాలర్లకు, మరుసటి ఏడాది 10కి పెంచుతున్నట్టు ప్రకటించారు. ఆ ఖర్చు వల్లా, ఆన్‌లైన్ పెట్టుబడుల వల్లా లాభం తగ్గుతుందని ఆ అక్టోబరులో చెప్పగానే షేరు ఒక్క రోజులో సుమారు 10 శాతం పడింది. గోదాములో పనిచేసిన మనిషి కాబట్టే జీతాల సంగతి తోచిందనడం తేలిక, అలా నిరూపించలేం. కానీ ఇంకో పని గమనించండి. ఆన్‌లైన్ అమ్మకాలు తన కంపెనీకి చేతకావడం లేదని ఒప్పుకుని, 2016లో జెట్ డాట్ కామ్‌ను సుమారు 330 కోట్ల డాలర్లకు కొన్నారు, దాన్ని పెట్టిన మార్క్ లోరీకే అమెరికా ఆన్‌లైన్ వ్యాపారం అప్పగించారు. జెట్ వెబ్‌సైట్ 2020లో మూతపడింది. వాల్‌మార్ట్ ఆన్‌లైన్ వ్యాపారం మాత్రం నిలబడింది.

## ఆ మెట్లు ఇప్పుడూ ఉన్నాయా?

వాల్‌మార్ట్ చెప్పుకునే లెక్క ప్రకారం దాని స్టోర్ మేనేజర్లలో సుమారు 75 శాతం మంది గంటల జీతంతో మొదలైనవాళ్లే. అది సాధ్యం కావడానికి కారణం, సరుకు దించే మనిషి, లెక్క చూసే మనిషి, మేనేజర్ అందరూ ఒకే కంపెనీ ఉద్యోగులు కావడం.

చాలాచోట్ల ఇప్పుడు అలా లేదు. 1980ల మొదట్లో కొడాక్‌లో నేల తుడిచే ఉద్యోగానికి చేరిన ఒక మహిళ కంపెనీ సాయంతో చదువుకుని, కంప్యూటర్ విభాగానికి మారి, తర్వాతి కాలంలో అదే కంపెనీ చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ అయ్యారు. ఆమె కొడాక్ ఉద్యోగి కాబట్టి ఆ సాయం, ఆ బదిలీ కుదిరాయి. ఈ రోజుల్లో శుభ్రం చేసేవాళ్లు, సెక్యూరిటీ, క్యాంటీన్, కాల్ సెంటర్ సిబ్బంది చాలావరకు కాంట్రాక్టు సంస్థల మనుషులు. ఒకే బిల్డింగ్‌లో ఇరవై ఏళ్లు పనిచేసినా వాళ్ల నిచ్చెన వేరు, అది రెండు మెట్లకే ఆగిపోతుంది. కంపెనీకి ఇందులో ఖర్చు మిగులుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మనుషులను తగ్గించుకోవచ్చు కూడా. ఇప్పుడు దీనికి తోడు, కొత్తగా చేరినవాళ్లు చేసే చిన్న పనులను ఏఐకి అప్పగించాలన్న ఆలోచన చాలా కంపెనీల్లో నడుస్తోంది. ముప్పై ఏళ్ల తర్వాత సీఈఓ పదవికి పేర్లు వెతికే బోర్డుకు లోపలి అభ్యర్థులు ఎంతమంది దొరుకుతారన్నది ఇప్పుడు ఈ కింది ఉద్యోగాల గురించి తీసుకుంటున్న నిర్ణయాల మీదే ఆధారపడి ఉంది.